అర్జీ తెరిచే మాట

“ఆ ఒక్కటీ నా నోట రాదు మే జ్యోతీ,” అంది ఫోనులో గిరిజమ్మ, మూడోసారి.

జ్యోతికి ఒళ్లు మండింది. ఎమ్మిగనూరులోని ఆ టైపింగు షాపులో చేరి నాలుగు రోజులే అయింది. ఓనరు కంప్యూటరు మరీ విడ్డూరం. మౌసుతో వెతికితే వేల ఫైళ్లలో పొద్దు గుంకుతుంది. తెర కింద పెట్టెలో ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే మాత్రం క్షణంలో తెరుచుకుంటుంది. ‘పెండ్లి’ అని కొడితే శుభలేఖలు, ‘తొట్టిల’ అంటే నామకరణం కార్డులు, ‘పోయినారు’ అంటే సంతాపం పోస్టర్లు. ఓనరేమో ఆదోనిలో కంటి ఆపరేషను గదిలో ఉన్నాడు. బయట కూర్చున్న ఆయన భార్య గిరిజమ్మకు అన్ని మాటలూ కంఠస్థం. పొద్దున్నుంచీ గడగడా చెప్పింది. ఆయన సొంతంగా రాసిపెట్టిన అర్జీల దగ్గరకొచ్చేసరికి నోరు మూతబడింది.

ఎదురుగా కోసిగి ఊరినుంచి వచ్చిన మహాదేవి బల్ల పట్టుకుని నిలబడి ఉంది. రేపు తెల్లవారి బస్సుకు మొగుడూ పెళ్లామూ పనులకు వలసపోతున్నారు. ఓనరు రాసిపెట్టిన అర్జీ ఐదింటిలోపు ఇస్తేనే కూతురికి హాస్టల్లో సీటు. లేకుంటే బడి మాన్పించి వెంట తీసుకుపోవాల్సిందే. అప్పటికే నాలుగూ ఇరవై అయింది.

“నేనేమన్నా దొంగనా అక్కా? నామీద నమ్మకం లేదా?” అంది జ్యోతి.

“నమ్మకం మాట కాదు తల్లీ. రాముడు రామేశ్వరంలో పెట్టినాడు సూడు, అది.”

జ్యోతి ‘వారధి’ అని కొట్టింది. ఏమీ తెరుచుకోలేదు. గిరిజమ్మ తల కొట్టుకున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

మహాదేవి కళ్లు తుడుచుకుంది. “ఆయమ్మకు మొక్కుతానని సెప్పు పాపా. నా బిడ్డ సదువు పోతాంది.”

ఆ మాట విని గిరిజమ్మ అక్కడ ఎవరినో పిలిచి బతిమాలింది. “ఈ ఆస్పత్రి కాగితం మీద పైన రాసిండేది ఆ పిల్లకు సదివి సెప్పు నర్సమ్మా, నీకు పుణ్యముంటాది.”

“రామలింగం,” అంది నర్సు ముక్తసరిగా.

జ్యోతి కొట్టింది. మహాదేవి అర్జీ టక్కున తెర మీదికి వచ్చింది. ప్రింటరులోంచి రాగానే వేడి కాగితం లాక్కుని మహాదేవి పరుగు తీసింది.

ఈ ముక్క చెప్పడానికి ఇంత రాద్ధాంతమా అని విసుక్కుంటూ జ్యోతి తలెత్తింది. గోడకున్న షాపు లైసెన్సు కంటబడింది. చదివి, ఒక్కతే పడీపడీ నవ్వింది.

గిరిజమ్మ మొగుడి పేరు రామలింగం.