గచ్చపొదలో అల్లుడుగారు

వెనక్కి జరిగితే ప్యాంటు మొత్తం చిరుగుతుంది. ముందుకు జరిగితే మొహమంతా గీరుకుపోతుంది. పేరుపాలెం బీచిలో, గచ్చపొద నడుమ, కొత్తల్లుడు సూర్యతేజ ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

అత్తవారితో షికారుకొచ్చి, "ఫోన్ మాట్లాడొస్తానండి" అని చాటుకు తప్పుకున్నది లఘుశంక కోసం. ఇసుక మీద అల్లుకున్న గచ్చతీగ వెనకనుంచి పట్టేసింది. కొక్కేల్లాంటి ముళ్లు. ఒకటి విడిపిస్తే ఇంకో రెండు తగులుకుంటున్నాయి. ప్యాంటు అప్పటికే వెనకవైపు జానెడు చిరిగింది.

"అల్లుడుగారూ! బయల్దేరదామా అండి?" పొద అవతలనుంచి మామగారు గోపాలకృష్ణంరాజు కేకేశారు.

"నేను రాలేనండి. మీరు వెళ్లిపోండి."

అవతల గుసగుసలు మొదలయ్యాయి. సముద్రపుగాలి ఒక్క ముక్క పోకుండా ఇటే మోసుకొస్తోంది.

"అలిగారు సుభద్రా!"

"అయ్యో! దేనికండి?" అత్తగారి గొంతు.

"దేనికంటావేంటి? భోజనంలో చందువా చేప వేపుడు మారు వడ్డించావా?"

"నిజమేనండి. పెళ్లిలో అలకపాన్పు మీద కూడా పాపం ఏమీ అడగలేదు. అప్పుడు దాచుకున్న అలకంతా ఇప్పుడు బయటపడింది."

"అల్లుడుగారూ, మంచి వాచీ కొంటామండి. వచ్చెయ్యండి!"

ప్యాంటు చిరిగిందని అత్తగారి ముందు ఎలా చెప్పడం? సూర్యతేజ గబగబా ఇంకో ముల్లు లాగాడు.

"వాచీకి పలకట్లేదు. బుల్లెట్టు అననా?"

"బుల్లెట్టు మీద ఎండకి నల్లబడిపోతారండి. కారే అనండి."

"కారండి, అల్లుడుగారూ! రంగు మీ ఇష్టం!"

ఇంతలో సూర్యతేజ భార్య మంజుష గొంతు గయ్యిమంది. "ఏవండీ! ఏమీ వద్దని పెళ్లిలో అందరిముందూ చెప్పింది మీరు కాదా? ఈ నటనలేంటి? ఆ కారెక్కి మీరొక్కరే పోండి. నేను అమ్మావాళ్లతో వెళ్లిపోతున్నా."

ఇసుకలో చెప్పులు విసవిసా దూరమవుతున్న చప్పుడు. సూర్యతేజ ఇక గొంతెత్తాడు. పోతే పోయింది పరువు.

"కారొద్దు, ఏమీ వద్దండి! మామగారూ, మీరొక్కరే రండి. మీ తువ్వాలు తెండి!"

చెప్పుల చప్పుడు ఆగింది. గోపాలకృష్ణంరాజు వంగి వంగి పొదలోకి దూరారు. అల్లుడి వెనకభాగం చూశారు. మీసాలు వణికాయి గానీ, పెద్దమనిషి నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని ముళ్లన్నీ ఓపిగ్గా విడిపించి, తువ్వాలు అల్లుడి నడుముకు చుట్టారు.

"ఆడవాళ్లకి చెప్పకండి మామగారూ."

"ఛఛ! అలక తీరింది, ఏమీ వద్దన్నారు అని నేను చెప్పేస్తానండి. మంజు కూడా మెత్తబడుతుంది."

"ఏవండీ, తీరిందా అలక?" బయటనుంచి సుభద్రమ్మ గొంతు ఎంతో ముద్దుగా వినిపించింది. "ఏం కావాలన్నా ఇద్దాం. ఇద్దరూ వచ్చెయ్యండి!"

సూర్యతేజ హాయిగా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాడు. మామగారు వెంట రాలేదు. ఆ ముళ్ల మధ్యే బాసింపట్టు వేసుకుని, గొంతు సవరించుకుని అరిచారు:

"నేను రాను సుభద్రా! షుగరు షుగరని నోరు కట్టేశావు. పూతరేకులు పెడతానంటేనే లేస్తాను!"