డీజిల్ డబ్బా కోసం వచ్చినప్పుడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, నేను, బీటెక్ అయ్యాక ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన సుధీర్ అన్నయ్య. అమ్మ బందరు వెళ్లింది.

రాత్రి కరెంటు పోయి మా రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ వెయ్యడానికి నాన్నా, అన్నయ్యా చెరువు దగ్గరికి పరుగెత్తారు.

ఆ నిశ్శబ్దంలో అన్నయ్య గదిలోంచి అన్నయ్య గొంతే వినిపించింది. "యెస్ సర్. ఇప్పుడే జాయినవుతాను సర్." అన్నయ్య ఫోనూ, లాప్‌టాపూ నా పక్కనే ఉన్నాయి.

కాసేపటికి అన్నయ్య డీజిల్ డబ్బా కోసం తిరిగొచ్చాడు. చేతుల నిండా బురద.

"లోపల నీ గొంతుతో ఎవరో మాట్లాడుతున్నారు, వెళ్లకన్నయ్యా!" అన్నాను.

అన్నయ్య ఆగి విన్నాడు. "ఆ గొంతు నేను సెలెక్టయ్యానంటోందే! ఏడాదిగా ఒక్కరైనా పిలిచారా నన్ను?" అంటూ నేను పట్టుకున్న చెయ్యి విడిపించుకుని గదిలోకి వెళ్లాడు.

టార్చి వేశాను. నా మొహం మీదే తలుపు మూసిన చేతికి బురద లేదు.