పీతకు పెట్టిన పేరు

"ఇది వేరే జాతి కాదు సార్. ఈ పెద్ద పీత జాతి పిల్లే, అంతే," అంది పరిశోధకురాలు, బల్ల మీది శిలాజాలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకూ వరుసగా పేరుస్తూ.

మ్యూజియం మాజీ డైరెక్టరు కుర్చీ ముందుకు జరుపుకుని బల్ల మీదికి వంగాడు. ఆమె వేలు పెట్టిన ఆ రాతిపీత ఆయన పేరు మోస్తోంది మరి.

"డిప్ప మీద ముళ్లున్నాయి కదమ్మా! పెద్ద పీతకు లేవే?"

"డిప్ప విడిచి పెరిగేకొద్దీ తగ్గిపోతాయి సార్. బతికున్న పీతల మీద మీరు రాసిన వ్యాసంలోనే ఉంది. అది చదివాకే నాకు అనుమానం వచ్చింది."

ఆ వ్యాసం ఆయన రాసిందీ కాదు, చదివిందీ కాదు. శిష్యుడు తొట్టెల్లో పీతల్ని పెంచి, అవి డిప్ప విడిచినప్పుడల్లా కొలతలు తీసి రాస్తే, ఈయన తన పేరొక్కటే వేసి అచ్చుకిచ్చాడు. పెద్దవాళ్ల పేరుంటేనే నలుగురూ చదువుతారని నచ్చజెప్పాడు కూడా. కుర్రాడు అలగలేదు సరికదా, ఆ తర్వాత దొరికిన ఈ రాతిపీతకు గురువు పేరే పెట్టాడు. ఎంత మంచి కుర్రాడు!

"అయితే నా పేరు?"

"ఒకే జీవికి రెండు పేర్లుంటే ముందు పెట్టిందే నిలుస్తుంది కదా సార్. పెద్ద పీతకు ఎప్పుడో పెట్టారు." ఆమె తల దించుకుంది. "మీది కొట్టేయాల్సిందే."

ఇంటికి వచ్చాడే గానీ ముద్ద దిగలేదు. పదవి పోయింది. వంగి వంగి నమస్కారాలు పెట్టినవాళ్లు ఇప్పుడు ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నారు. తను పోయాక కూడా ఈ పేరొక్కటి ఉంటుందని ధీమాగా ఉన్నాడు. ఈ రంగంలో ఎవరి పేరు వాళ్లే పెట్టుకుంటే నవ్విపోతారు, ఇంకొకరు పెట్టాలి. ఆయన మాత్రం నోరు తెరిచి అడిగాడా? శిష్యుడి ఉద్యోగం ఖాయం చేసే ముందు ఒకటి రెండుసార్లు చూచాయగా అన్నాడంతే.

"పోనిద్దురూ, పీతే కదా!" అంది భార్య.

"నీకేం తెలుసు? మనవలకు గొప్పగా చెప్పుకున్న పేరు."

"మీ సంగతి సరే. భక్తితో పెట్టిన ఆ అబ్బాయి మాటేమిటి? తలవంపులు అతనికి కాదూ?"

ఆ మాట చురుక్కుమని తగిలింది. శిష్యుడిప్పుడు పీతల శాస్త్రంలో పెద్ద తలకాయ. పిల్లపీతను పోల్చుకోలేకపోయాడంటే లోకం ఊరుకుంటుందా? మర్నాడే అతని దగ్గరికి బయల్దేరాడు.

శిష్యుడు లేచి కుర్చీ జరిపాడు. "విన్నాను సార్. కూర్చోండి."

"నువ్వేం మనసులో పెట్టుకోకురా. పేరు పోతోందంటే నాకు బాధే, కాదనను. రాత్రంతా నిద్ర లేదు. కానీ నీకు మచ్చ రాకూడదు. అది పిల్లపీత అని తెలియక పెట్టావని నేనే రాసిస్తాను."

శిష్యుడు ఓపిగ్గా అంతా విని, మంచినీళ్ల గ్లాసు అందించి, ఆయన తాగేదాకా ఆగాడు.

"తెలిసే పెట్టాను సార్."