ఫోన్లో పాలపిట్ట

“దీన్ని పాలపిట్ట అన్నోనికి కండ్లు లేనట్టే,” అన్నాడు శ్రీహరి, భార్య ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుని.

దసరా నాటి మధ్యాహ్నం. జమ్మికి పోయేలోపు పాలపిట్టను చూడకపోతే అనసూర్యకు పండుగ పండుగలా ఉండదు. లక్సెట్టిపేట దాటి చేల వైపు పోతే ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. తీసుకుపొమ్మని పొద్దున్నుంచి అడుగుతోంది. ఏడాదికి ఒక్క కోరిక, అదీ తీరదేమోనని ఆమెకు నిజంగానే బాధగా ఉంది. శ్రీహరి మటన్ తిని, ఫ్యాన్ కింద కాళ్లు చాపి ఊ కొడుతున్నాడే తప్ప లేవడం లేదు. చివరికి ఆమె ఫోన్ తెచ్చి ఈ ఫోటో చూపించింది. కరెంటు తీగ మీద ఏదో నీలం పిట్ట. తీసినవాడి చెయ్యి వణికిందో, పిట్టే వణికిందో తెలియదు.

“జర మంచిగ సూడుండ్రి. నీలం రెక్కలు కండ్ల వడ్తలేవా?”

“నీలం ఉంటే పాలపిట్టేనా? లకుముకి పిట్టకు గూడ నీలమే ఉంటది.”

పిట్టల విషయంలో ఇంట్లో శ్రీహరి మాటకు ఎదురు లేదు. మొన్న ఎండాకాలం జన్నారం అడవిలో పక్షుల శిబిరానికి వెళ్లి ఒక టోపీ, బోలెడంత జ్ఞానం తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి గోడ మీద కాకి వాలినా దాని వంశం చెప్పందే ముద్ద ముట్టడు. ఇది రాస్తున్నవాడికి పిచ్చుకకూ పికిలిపిట్టకూ తేడా తెలియదు కనుక అతణ్ణి వెక్కిరించే అర్హత లేదు. అయినా వెక్కిరించకుండా ఉండటం కష్టంగానే ఉంది.

శ్రీహరి రెండు వేళ్లతో ఫోటోను సాగదీశాడు. సాగదీసిన కొద్దీ పిట్ట మాయమై గళ్ల లుంగీలా తయారైంది. మళ్లీ చిన్నది చేశాడు.

“ముక్కు సూడు, ఎంత పొడుగుంది, ఎర్రగ. పాలపిట్టకు గింత ముక్కెక్కడిది? మెడ కింద సున్నం పూసినట్టు తెల్లగుంది. లకుముకే.”

“వాట్సాప్ గ్రూపుల అందరు దండాలు పెట్టిన్రు గద.”

“మంది పెడితే మనం పెట్టాల్నా? ఎవడు తీసిండు, బాలమల్లే అయ్యుంటడు.”

బాలమల్లు పై వాటాలో ఉండే టీచరు. కొత్త ఫోన్ కొన్నప్పట్నుంచి కనిపించిందల్లా తీసి వాట్సాప్‌లో పెడతాడు.

“ఎవలు తీస్తేంది? పాలపిట్ట కాదని ఒట్టేసి చెప్తున్రా?” అంది అనసూర్య.

“ఒట్టు. చేపలు తినే పిట్టకు పండుగ పూట అందరితోని దండం పెట్టిచ్చినోన్ని జమ్మి కాడ నిలవెట్టి అడగాలె. అసలు ఫోటోల జూసుడేంది? దర్శనమంటే కండ్లార జూసుడు. పుణ్యం ఫోన్ల వస్తదా?”

“పొద్దుగాల్నుంచి నేను మొత్తుకునేది గదే. లేవుండ్రి మరి.”

శ్రీహరి కాళ్లు ముడుచుకుని లేచి కూర్చున్నాడు. ఇంత చెప్పాక పడుకుంటే శిబిరానికే అవమానం.

“నాకు నా నోరే శత్రువు. కాదని ఒక్క ముక్కల జెప్పి పండుకుంటే అయిపోతుండె,” అని గొణుక్కుంటూ టోపీ పెట్టుకుని బండి తాళం తీశాడు. అప్పటికే అనసూర్య కొత్త చీర కొంగు దోపుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

ఊరు దాటి, పత్తి చేల గాలి మొహానికి తగిలేసరికి అతనికి మళ్లీ హుషారు వచ్చింది.

“అసలైన పాలపిట్టను మంచిగ ఫోటో తీసి గ్రూపుల పెడుత. కింద లకుముకి ఫోటో గూడ పెడుత. బాలమల్లు మొకం యాడ పెట్టుకుంటడో సూద్దాం.”

“పాపం, ఆయనేం జేసిండు?” అంది అనసూర్య, అతని భుజం మీద చెయ్యి వేసి. “నిరుడు ఎండకు నేను రానని, మీరే మేడెక్కి తీసి, గ్రూపుల పెట్టి, గిదే పాలపిట్టని నాతోని దండం పెట్టిచ్చిన ఫోటో అది.”