తొమ్మిదో లీవరు

“దొంగ! నా బిడ్డను ఎత్తుకపోతున్నడు!”

నిర్మల అరుపుకు అడవి పక్కనున్న ఆ చిన్న స్టేషనంతా ఉలిక్కిపడింది.

పట్టాల మధ్య ఒక ముసలాయన ఆమె రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సీసా. భుజం మీద వెగటు వాసన కొట్టే జిడ్డు గుడ్డ.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు గుడ్డకు మందు పూసి వాసన చూపిస్తారని పక్క క్వార్టర్ జంపక్క నిన్ననే చెప్పింది. ఈ ముసలాయన్ని చూపించి, “ఎప్పట్నుంచో పట్టాల పొంటి తిరుగుతనే ఉంటడు. ఏం పనో ఎవ్వరికీ తెల్వది. ఈ మధ్య మీ ఇంటి దిక్కే చూస్తున్నడు, పైలం” అని కూడా అంది.

“పట్టాల మీద కూసున్నది బిడ్డా. అందుకే ఎత్తుకున్న” అంటూ ఆయన పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు.

పోర్టర్ పిచ్చయ్య పరుగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

“సీసాల ఏందిరా?”

“నూనె.”

“నూనెనా? పట్టాలకు తాలింపు పెడ్తవా?”

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. పిచ్చయ్య ఒక్క నెట్టు నెట్టాడు. ముసలాయన కంకర మీద వెల్లకిలా పడ్డాడు. పక్కటెముకలు పట్టుకుని మెల్లగా లేచాడు.

“ఇంకా రెండు చక్రాలున్నయి” అన్నాడు.

“మళ్ళ కనిపిస్తే కాళ్ళిరుగుతయ్!”

ఆయన వెనక్కి చూసుకుంటూ అడవి దారి పట్టాడు. చూసింది పిల్లనేనని నిర్మలకు అనిపించింది.

మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని, పిల్లను దింపకుండానే సిగ్నల్ క్యాబిన్ మెట్లెక్కింది. భర్త రాందాస్ అక్కడ లీవర్లు లాగే పనిలో చేరి ఏడాదైంది.

లీవర్ల పైన గోడకు స్టేషన్ లైన్ల బొమ్మ వేలాడుతోంది. నల్లగీతలు, గీతకో నెంబరు.

“మన ఇల్లేదండీ ఇందులో?”

“ఇండ్లుండయే. పట్టాలే ఉంటయి.”

“మరి ఈ గీతేంది, ఎటూ పోకుండా ఆగిపోయింది?”

“తొమ్మిది నెంబరు. ఇసుక లైను. గనుల దిక్కు నుంచి బొగ్గు డబ్బాలు తెగి జారొస్తే, ఈ లీవరు గుంజి వాటిని ఇసుకల తోలాలె. నేనైతే ఒక్కసారి ముట్టలే. లీవరు నుంచి పట్టాల దాకా పోయే కడ్డీ మొత్తం తుప్పు పట్టి ఉంటది.”

“జారొస్తయా?” ఆమె పిల్లను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

“నీకు భయపడనీకె రోజూ ఏదో ఒకటి కావాలె” అని రాందాస్ ముద్ద కలుపుకున్నాడు.

నాలుగు రోజులు ఆమె తలుపు గడియ తీయలేదు. కిటికీలోంచి పట్టాలు చూడటం, పిల్లను తడుముకోవడం, మళ్ళీ చూడటం. అయిదో రోజు సంచి సర్దింది.

“మా అమ్మ దగ్గర కొన్నాళ్ళుండి వస్తా. ఇక్కడ నా వల్ల కాదు.”

పది గంటల ప్యాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ముసలాయన ఎక్కడైనా ఉన్నాడేమోనని ప్లాట్‌ఫారమంతా వెతికింది. లేడు. ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే క్యాబిన్‌లో గంట మోగింది. ఆగకుండా మోగింది.

“దిగుండ్రి! జల్దీ దిగుండ్రి! డబ్బాలు తెగినయ్!” పిచ్చయ్య అరుస్తూ పరుగెత్తుతున్నాడు.

తలుపు దగ్గర మూటలు, మనుషులు ఇరుక్కుపోయారు. నిర్మలకు దారి లేదు. పిల్లను కిటికీలోంచి అందిద్దామంటే అడ్డంగా చువ్వలు.

ఆ చువ్వల్లోంచే కనిపించాయి. ఇంజను లేని బొగ్గు డబ్బాలు. తమ బండి ఉన్న పట్టాల మీదికే వస్తున్నాయి.

తుప్పు పట్టి ఉంటది.

పిల్ల ముఖాన్ని పొట్టకు అదుముకుని కళ్ళు మూసుకుంది.

ఇనుము గీసుకున్న చప్పుడు. నేల అదిరింది.

కళ్ళు తెరిచేసరికి మొదటి డబ్బా పక్కకు తిరిగింది. దాని వెనకే మిగతావి తిరిగాయి. ఇసుకలో దిగబడి, దుమ్ము లేపి, ఆగిపోయాయి.

కాసేపటికి రాందాస్ వచ్చాడు.

“ఎంత గుంజినా రాదనుకున్న నిర్మలా. ఒక్క గుంజుకే వచ్చింది! కిందికి పోయి చూస్తే కడ్డీ కింది చక్రాలన్నిటికీ కానుగ నూనె. కొసకున్న రెండిటికి తప్ప. ఏ మారాజు పోసిండో!”

ఎవరో నిర్మలకు తెలుసు.

సాయంత్రం కాకముందే పిల్లను ఎత్తుకుని అడవి దారిలో ఉన్న తండాకు వెళ్ళింది. నూనె సీసా తాత అని అడిగితే ఒక గుడిసె చూపించారు. వాకిట్లో నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది.

“మా మామ, బిచ్యా. పానం పోయి రెండొద్దులైందమ్మా” అంది ఆమె. పేరు ద్వాలి.

“కింద పడ్డ దెబ్బకా?”

ద్వాలి మంచం వాల్చి, “కూసో” అంది.

“తాత రైల్వేల పనిచేసిండా?”

“గ్యాంగ్‌మన్. ఇరవై ఆరేండ్ల కింద తీసేసిండ్రు. అప్పుడు గిట్లనే డబ్బాలు తెగొస్తే ఆ ఇసుక లైను లీవరు కదల్లే. గార్డు చచ్చిపోయిండు. కడ్డీకి నూనె పొయ్యాల్సింది ఎవరని ఆఫీసర్లు అడిగితే, ‘నేనే, నేనే మరిచిన’ అన్నడు.”

“నిజంగ మరిచిండా?”

“అసలు అది ఆయన పనే కాదు. క్యాబిన్ల ఉన్నాయన పని. ఆయనింట్ల నెల తిరగని పిల్లగాడుండె. కొలువు పోతే తల్లీపిల్లలు ఆగమైతరని మా మామ మీదేసుకున్నడు.”

“మరి తీసేసినంక కూడా నూనె పొయ్యనీకె ఎందుకు పోయిండు?”

“నేనూ అడిగిన. ‘అందరి ముందు నా పనన్న. ఇగ అది నా పనే’ అన్నడు.”

ద్వాలి పిల్ల బుగ్గ మీద చెయ్యి వేసింది.

“పోయినేడు సంది ఇంకింత సంబురంగ పోతుండె. ఆ పిల్లగాడే అమ్మా, ఇప్పుడు క్యాబిన్ల ఉన్న రాందాసు.”