చివరి చుక్క

పిల్లి ఒళ్ళోకి దూకగానే కాబోయే అల్లుడు కిటికీ రెక్కలు కొట్టుకునేలా తుమ్మాడు. రెండోది ఆపుకోబోతే అది చెవుల్లోంచి వచ్చినంత పనైంది.

"మా పిల్లి పడనివాడు మాకూ పడడు," అంది కాబోయే అత్తగారు.

"జలుబండీ అత్తయ్యగారూ! పిల్లంటే నాకు ప్రాణం."

"అయితే డాక్టరు దగ్గరే తేల్చుకుందాం. పరీక్ష నెగ్గితేనే పెళ్ళి. మా ఆయన్ని చూడు బాబూ! దీని అమ్మమ్మ కాలం నుంచీ ఈ పిల్లులకి ఆయన ఒళ్ళే మంచం. ఒక్క తుమ్ము తుమ్మారా? ఊహూఁ!"

మూల కుర్చీలో మామగారు మూతలు పడుతున్న కళ్ళతో తలూపాడు. ఆ ప్రశాంతత చూసి అల్లుడికి కడుపు మండింది. తిన్నగా మందుల షాపుకి పరిగెత్తాడు.

"ఒంట్లో హిస్టమిన్ అని ఒకడుంటాడు," అన్నాడు షాపతను. "పిల్లి వాసన తగిలితే చాలు, దొంగలు పడ్డారని ఒళ్ళంతా కేకలేస్తాడు. ముక్కు కారుతుంది, దద్దుర్లు లేస్తాయి. ఈ మాత్ర వాడి నోరు ముయ్యదు. వినేవాళ్ళ చెవుల్లో దూది పెడుతుంది, అంతే. కాస్త నిద్రొస్తుంది, ఓర్చుకోవాలి మరి."

పరీక్ష రోజు అల్లుడు మాత్ర మింగి, ఆవలిస్తూ వచ్చాడు.

"మా ఆయనకీ చెయ్యండి డాక్టరుగారూ! మంచి చెయ్యి ఎలా ఉంటుందో ఈ అబ్బాయి చూడాలిగా!" అంది అత్తగారు.

మామగారు ఏదో అనబోయి, ఆవలించి ఊరుకున్నాడు.

డాక్టరు ఇద్దరి చేతుల మీదా వరసగా చుక్కలు పెట్టి, సూదితో గుచ్చాడు. పిల్లి, కుక్క, దుమ్ము, పుప్పొడి, చివర ఇంకొకటి. కాసేపాగి అందరూ ముందు అల్లుడి చేతిమీదకి వంగారు. అద్దంలా నున్నగా ఉంది.

"చూశారా! పిల్లి చుక్కే కాదు, ఏ చుక్కా ఉలకలేదు. చివరిదాంతో సహా!" అన్నాడు అల్లుడు.

"అక్కడే దొరికిపోయావయ్యా," అన్నాడు డాక్టరు. "చివరిది పిల్లీ కాదు, కుక్కా కాదు. అచ్చంగా హిస్టమినే. అది గుచ్చితే ఎవరికైనా దోమ కుట్టినట్టు ఉబ్బి తీరాలి. ఉబ్బలేదంటే ముందే మాత్ర మింగి వచ్చావన్నమాట."

అల్లుడి మొహం మాడిపోయింది.

"దొంగచాటుగా మాత్రలు మింగేవాడికా మా పిల్లనిచ్చేది? మంచి చెయ్యంటే ఏమిటో ఇప్పుడు చూడు!" అంటూ అత్తగారు, కుర్చీలో కునుకు తీస్తున్న మొగుడి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది.

చివరిదాంతో సహా, అద్దంలా నున్నగా ఉంది.