పదిహేడో కొక్కెం

గేటు పక్కనున్న బోర్డు ముందు ఆమె నిలబడింది. నలభై ఆకుపచ్చ బిళ్ళలు. ఒక ఖాళీ కొక్కెం. పదిహేడో కొక్కేనికి మళ్ళీ ఎర్ర బిళ్ళ.

ఇవాళ్టికి పదకొండు రోజులు.

బాయిలర్ పేలిన నెలకు ఫ్యాక్టరీ తిరిగి తెరిచారు. కార్మికుల మనసు కుదుటపడాలని ఆఫీసువాళ్ళు ఆమెను కౌన్సెలర్‌గా వేశారు. ఈ బోర్డు కూడా వాళ్ళ ఆలోచనే. పొద్దున్నే వస్తూ ఎవరి కొక్కేనికి వాళ్ళు బిళ్ళ తగిలించాలి. బాగుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎర్రది. మొహమాటపడతారని పేర్లు రాయలేదు. ఏ నంబరు ఎవరిదో మేస్త్రీ ఒక్కడికే తెలుసు.

ఎర్ర బిళ్ళ పెట్టినవాళ్ళు ఆమె గదికి వచ్చి మనసు విప్పి మాట్లాడుకోవచ్చు. రెండు కుర్చీలు, ఫ్యాను, మంచినీళ్ళు అన్నీ అమర్చారు. కార్మికులు ఆమెకు 'వినే మేడమ్' అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ, ఆ గుమ్మం తొక్కినవాడు వెల్డర్ ఒక్కడే. మొదటి రోజే వచ్చి, చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉందని రెండు గంటలు ఏడ్చాడు. 'విశ్రాంతి అవసరం' అని ఆమె రాసిచ్చింది. గంటలో అతన్ని ఇంటికి పంపేశారు. ఆఫీసు ఇంత చురుగ్గా ఉన్నందుకు ఆమె మురిసిపోయింది.

ఆ మర్నాటి నుంచే పదిహేడుకు ఎర్ర బిళ్ళ పడుతోంది. మనిషి మాత్రం రాడు.

మేస్త్రీని ఆపి అడిగింది. యాభై దాటినవాడు, నోరు తెరిస్తే వేళాకోళం.

"పదిహేడు ఎలాంటి మనిషండీ?"

"మా అందరికంటే నెమ్మదస్తుడు మేడమ్. పల్లెత్తు మాట అనడు."

"ఒక్కసారి నా దగ్గరికి పంపండి."

"నేను పంపితే వచ్చేవాడా?"

"పోనీ నేనే వెళ్తాను. ఏ షెడ్డు?"

"వదిలేయండి మేడమ్. ఎవరొచ్చినా మాట్లాడడు."

వదిలేయడం ఆమె వల్ల కాలేదు. రోజూ ఎర్ర బిళ్ళ పెట్టేవాడు సాయం అడుగుతున్నట్టే కదా. ఈలోపు ఏ అఘాయిత్యమైనా చేసుకుంటే? ఆ భయంతో ఆమెకు అన్నం సయించలేదు.

మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు.

"ఏం మేడమ్, ఆ ఒక్క ఎర్ర బిళ్ళ సంగతి తేల్చరా? రిపోర్టంతా పచ్చగా ఉంటే అది నలుసులా కనిపిస్తోంది. రేపటికల్లా ఎవరో పట్టుకోండి. వెల్డర్లాగే పంపించేద్దాం."

మర్నాడు ఏడింటికే వచ్చి, వాచ్‌మన్ గది వెనక నిలబడింది. అందరికంటే ముందు మేస్త్రీ వచ్చాడు. డబ్బాలోంచి ఎర్ర బిళ్ళ తీశాడు. పదిహేడో కొక్కేనికి తగిలించి, కాసేపు దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత ఆకుపచ్చది తీసి మూడో కొక్కేనికి వేశాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"మేస్త్రీగారూ! మీరేనా పదిహేడు?"

అతను ఉలిక్కిపడ్డాడు. "కాదు మేడమ్. నాది మూడు."

"మరి ఇదేమిటి?"

"ఇవాళ నేను. నిన్న ఫిట్టరు. మొన్న స్టోర్స్‌లో ఆవిడ. ఆ రోజు ఎవరికి మరీ ఊపిరాడకపోతే వాళ్ళు. పొద్దున్నే పోటీ మేడమ్, సినిమా టికెట్లకు కూడా ఇంత లేదు."

"మీ కొక్కేనికే పెట్టుకోవచ్చుగా! దానికోసమేగా నేనున్నది."

మేస్త్రీ మొహంలో వేళాకోళం పోయింది.

"వెల్డర్ పెట్టుకున్నాడుగా. మీరు రాసిచ్చిన కాగితం చూపించే అతని గేటు పాసు లాక్కున్నారు. అతని కొక్కెం ఇప్పటికీ ఖాళీయే. మళ్ళీ పిలవలేదు. ఇక పిలవరు."

ఆ కాగితం మీద సంతకం పెడుతూ తాను ఎంత సంతోషపడిందో ఆమెకు గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. పదిహేడో కొక్కెం వైపు వేలు చూపించింది.

"మీ అందరి బాధా తెచ్చి అతని నెత్తిన పెడుతున్నారే, పాపం పదిహేడు ఏమైపోవాలి? ఇవాళ నేను అతనెవరో ఆఫీసుకు చెప్పాలి. అతని ఉద్యోగం పోతుంది!"

మేస్త్రీ ఎర్ర బిళ్ళను గాలికి ఊగకుండా సరిచేశాడు.

"మీ ఆఫీసువాళ్ళు పాత హాజరు పట్టీ చూసి బోర్డు చేయించారు మేడమ్, అందుకే బాయిలర్ పేలినప్పుడు పోయినవాడికి కూడా ఒక కొక్కెం వచ్చింది."